పాత స్పోర్ట్స్ కారుకి స్టీరియో పెట్టించే ముందు బ్యాటరీ ఎర్త్ చూడమని చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీల్లో పాత కార్లకి కొత్త ఆడియో సిస్టమ్ పెట్టించుకోవడం మీద వచ్చిన వ్యాసం చదివానండీ. బ్లూటూత్ గురించి, సబ్‌వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకర్) గురించి, ఎన్ని వాట్స్ ఉండాలనే దాని గురించి బాగానే రాశారు కానీ అన్నిటికంటే ముందు చూసుకోవాల్సిన విషయం మీద ఒక్క ముక్క కూడా లేదు, అది తెలియకే నా కారు సగం పాడైంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా, పొడుగైనా దయచేసి వేయండి.

మాది భీమవరం, ఉద్యోగం కోసం వచ్చి ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఉండిపోయాం. ఇక్కడికి పక్కనే ఆబింగ్డన్ అని ఒక ఊరుంది, పాత ఎంజీ స్పోర్ట్స్ కార్లు చాలావరకు తయారైంది అక్కడే, 1980 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ మూసేశారు. ఇప్పుడు మన హైదరాబాద్‌లో, విజయవాడలో కనబడే ఎంజీ బళ్లు కాదు నేను చెప్పేది, ఎంజీబీ అని రెండు సీట్ల కారు, టాప్ మడిచేసి తిరగొచ్చు, 1962 నుంచి 1980 దాకా, టాప్ మడవలేని జీటీ రకంతో కలిపి, 5 లక్షల పైచిలుకు చేశారు. నా దగ్గరున్నది 1966 మోడల్, 1798 సీసీ ఇంజిన్. ఎన్నో ఏళ్లు డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నా, దాని మీద నాకెంత ప్రేముందో మా ఇంట్లో వాళ్లకి తెలుసు.

కొన్న కొత్తలో దాంట్లో పాటలు వినాలనిపించి ఒక ఆడియో షాపుకి తీసుకెళ్లా. రోజూ కొత్త కార్లకి సిస్టమ్స్ పెట్టేవాళ్లే. డ్యాష్‌బోర్డు మధ్యలో రేడియోకి ఉన్న చోటు కొత్త యూనిట్‌కి చాలట్లేదని కోసేశారు. ఆ కార్లో డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కాదండీ, ఇనప రేకు, దాని మీద ముడతలు ముడతలుగా ఉండే నల్ల పెయింటు, ఒకసారి కోస్తే మళ్లీ అతుక్కోదు. కోశాక ఎర్ర వైరు ఫ్యూజుకి, నల్ల వైరు బాడీకి కలిపారు, మామూలుగా అన్ని కార్లకీ కలిపినట్టే. ఫ్యూజు పోయింది. ఇంకా పెద్ద ఫ్యూజు వేశారు, ఈసారి వైరే కాలింది, కారంతా పొగ, యూనిట్ చచ్చిపోయింది. అప్పుడు కూడా యూనిట్‌లోనే లోపం ఉందన్నారు గానీ కారు ఏంటో చూడలేదు.

విషయం ఏంటంటే 1967 దాకా వచ్చిన ఎంజీబీలన్నీ పాజిటివ్ ఎర్త్ కార్లు. అంటే బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌ని బాడీకి కలుపుతారు, మైనస్ వైరులో కరెంటు తిరుగుతుంది, ఇప్పటి కార్లకి పూర్తిగా తిరగేసి అన్నమాట. ఈ రోజుల్లో వచ్చే స్టీరియోల్లో దాదాపు ప్రతిదీ బాడీయే మైనస్ అనుకుని తయారైందే, దాని ఇనప డబ్బా కూడా మైనస్సే. పోనీ వైర్లు తిప్పి కలుపుదామన్నా ఆ డబ్బా డ్యాష్‌బోర్డు రేకుకి తగిలిందంటే షార్టే. అందుకే ముఖ్యంగా రెండు దారులు, ఆ కాలపు రేడియోనో పాజిటివ్ ఎర్త్‌కి తయారైన యూనిటో వాడటం, లేదంటే కారునే నెగెటివ్ ఎర్త్‌కి మార్చడం.

నేను మార్పించా. అదేం బ్రహ్మవిద్య కాదు కానీ వరసగా చేయాలి. బ్యాటరీ కనెక్షన్లు తిప్పాలి (నా కార్లో 6 వోల్టుల బ్యాటరీలు రెండు, అవి సీట్ల వెనక కింద ఉంటాయి, ప్లస్ దిమ్మె లావు, మైనస్ దిమ్మె సన్నం కాబట్టి పాత క్లాంపులు సరిపోవు), ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌లకి కరెంటు ఇచ్చేది) మీద వైర్లు అటూ ఇటూ మార్చాలి, డైనమోకి (ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు తయారుచేసేది) ఫీల్డ్ అనే టెర్మినల్ దగ్గర ఒక్క క్షణం కరెంటు తగిలించి కొత్త పోలారిటీ, అంటే ప్లస్ మైనస్‌ల కొత్త వరస, పట్టించాలి, ఇంజిన్ వేగం చూపించే ఆర్‌పీఎం మీటర్‌ని విప్పి లోపల కనెక్షన్లు మార్చాలి, ఆ మీటర్ సంగతి మర్చిపోతే అది పని చేయదు. మా వీధిలో ఉండే రిటైరైన మెకానిక్ పెద్దాయన ఒకాయన దగ్గరుండి ఇదంతా చేయించారు, ఆయనకి నేను జీవితాంతం రుణపడి ఉంటా.

ఇక వాట్స్ సంగతి. మీ వ్యాసంలో ఎంత ఎక్కువ వాట్స్ ఉంటే అంత మంచిదన్నట్టు ఉంది, పాత కారుకి అది తప్పండీ. నా కార్లో కరెంటు తయారుచేసేది లూకాస్ డైనమో, అది గట్టిగా తిరిగితే ఇచ్చేది 22 ఆంపియర్లు. సిగ్నల్ దగ్గర ఆగితే దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రిపూట హెడ్‌లైట్లకే 8 ఆంపియర్లు పోతాయి, ఇగ్నిషన్‌కి కొంత, వెనక లైట్లకి కొంత, వాన పడితే వైపర్లు, ఇంక మిగిలేదెంత? దాని మీద పెద్ద యాంప్లిఫయర్ పెడితే పాట బాగానే వస్తుంది, ఇంటికి మాత్రం బండి తోసుకుంటూ రావాలి. పైగా డబ్బా మీద 4 ఇంటు 50 అని రాసుంటుంది చూశారా, దాని ఫ్యూజు 10 ఆంపియర్లే అయితే 12 వోల్టుల దగ్గర లోపలికి వెళ్లేదే 120 వాట్లు, బయటికి 200 ఎలా వస్తాయి? ఒక్కో స్పీకర్‌కి నికరంగా అందేది 15, 20 వాట్లే, నిజానికి అవి చాలు కూడా.

చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే డెసిబెల్స్ లెక్క. 86 డెసిబెల్స్ స్పీకర్‌కి 40 వాట్లు ఇస్తే ఎంత మోగుతుందో 92 డెసిబెల్స్ స్పీకర్‌కి 10 వాట్లు ఇస్తే అంతే మోగుతుంది. డైనమో కార్లున్నవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే మాట ఇంకోటి లేదు. సబ్‌వూఫర్ అయితే టాప్ తీసేసిన కార్లో డబ్బు దండగ, గాలి హోరు టైర్ల హోరు ఎక్కువగా బేస్‌లోనే ఉంటాయి, మూసి ఉన్న కార్లో బేస్ నిలబడుతుంది గానీ ఇక్కడ పైకి పోతుంది.

ఇంకోటి చెప్తా, నేను కార్లో ఎక్కువగా వినేది ఘంటసాల గారి పాటలు, మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. ఆ కాలపు రికార్డింగులు మోనో, అంటే కుడి ఎడమ తేడా లేకుండా ఒకే శబ్దం. నా కార్లో డ్యాష్‌బోర్డు కింద, గేరు రాడ్డుకి పైన, కంపెనీ వాళ్లే ఒక్క స్పీకర్‌కి జాలీతో చోటు ఇచ్చారు, అంటే ఆ పాటలకీ ఆ స్పీకర్‌కీ కాలం ఒకటే, లెక్కా ఒకటే. అక్కడ మంచి సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ ఒకటి పెట్టి కుడి ఎడమ రెండూ కలిపి మోనోగా ఇచ్చాక మొదటిసారి ఆయన గొంతు విన్నప్పుడు కారు పక్కకి ఆపేసి కూర్చుండిపోయా. కొత్త పాటల కోసం కాళ్ల దగ్గర సైడు ప్యానెళ్లలో ఇంకో రెండు పెట్టించా, డోర్లు మాత్రం ముట్టుకోనివ్వలేదు. డోరు లోపల శబ్దం తగ్గించే షీట్లు అతికించుకునేవాళ్లు కింద నీళ్లు పోయే కన్నాలు మూయకుండా చూసుకోండి, ఇక్కడి వానలకైనా మన కోస్తా తేమకైనా మూస్తే తుప్పే.

ఇప్పుడు ఈ స్పీకర్లకి పాట ఇచ్చేది ఒక చిన్న బ్లూటూత్ యాంప్లిఫయర్, అది గ్లవ్‌బాక్స్ వెనక కనబడకుండా ఉంది. బ్యాటరీ నుంచి దానికి వచ్చే వైరుకి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు దూరంలోపే పెట్టించా, ఎందుకంటే వెనక నుంచి ముందు దాకా రేకుల మధ్య నుంచి వచ్చే వైరు అది, ఎక్కడ ఒరుసుకున్నా నిప్పే. మొదట్లో ఇంజిన్ వేగంతో పాటు కీచుమనేది, అన్ని ఎర్త్ వైర్లూ ఒక్కచోటికి తెచ్చాక పోయింది, చిటపట శబ్దం ప్లగ్ వైర్లు రెసిస్టెన్స్ ఉన్నవి వేశాక పోయింది. ఇవన్నీ రేపు తీసేయాలంటే స్క్రూలు విప్పితే చాలు, అదొక్కటే నేను పెట్టుకున్న నియమం.

ఆ కోసేసిన డ్యాష్‌బోర్డు మాత్రం అలాగే ఉంది. మంచి పాత డ్యాష్‌బోర్డు ఒకటి దొరుకుతుందేమోనని పాత సామాన్ల సంతలన్నీ తిరుగుతున్నా. మన దగ్గర కూడా తాతల కాలం నాటి కార్లు ప్రాణంగా చూసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, మీ వ్యాసం చదివి ఈపాటికి ఎవరో ఒకరు షాపుకి బయల్దేరే ఉంటారు. బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి వెళ్లిందో చూడకుండా ఎవర్నీ వైరు ముట్టుకోనివ్వొద్దని, రంపం అసలే పట్టుకోనివ్వొద్దని వచ్చే ఆదివారం అదే పేజీలో, కనబడేంత పెద్ద అక్షరాల్లో వేయండి సార్.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
ఆక్స్‌ఫర్డ్ దగ్గర నుంచి