పేరులో రైల్వే, పండ్లకు లారీ

సంపాదకులకు,

కడప స్టేషనులో బండి కోసం కూర్చున్నప్పుడల్లా గూడ్సు వ్యాగన్లు లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి అలవాటు. మొన్న ఒక బొగ్గు బండి ఎర్రగుంట్ల వైపు పోయింది. 58 లెక్కపెట్టాను. ముద్దనూరు థర్మల్ కేంద్రానికి కాబోలు. అది దాటిపోయాక కూడా పెదవుల మీద బొగ్గుపొడి కరకరలాడింది. కాసేపటికి ఎదురుగా సిమెంటు బండి వచ్చి, సిగ్నలు దొరక్క పక్క లైనులో నిలబడిపోయింది. నా బండి వచ్చి నేను ఎక్కేదాకా అది కదలనే లేదు.

ఈ దారిలో సరుకుకు కొదవ లేదు. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు, మంగంపేట ముగ్గురాయి ఎప్పటినుంచో ఉన్నవే. కృష్ణపట్నం ఓడరేవు సరుకు గూడూరు, రేణిగుంట చుట్టి రాకుండా, వెలిగొండల కింద ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి ఓబులవారిపల్లెకు కొత్త లైను వేశారు. మంచిదే. కానీ ఆ ఓబులవారిపల్లె పక్కనే ఉన్న రైల్వే కోడూరు నుంచి అరటి, బొప్పాయి, మామిడి నేటికీ ఎక్కువగా లారీల మీదే ఉత్తరాదికి పోతున్నాయి. ఊరి పేరులో మాత్రం రైల్వే ఉంది!

మా తమ్ముడికి అక్కడ బొప్పాయి తోట ఉంది. కాయకాయకూ పాత పేపరు చుట్టి, అడుగున వరిగడ్డి పరిచి లారీకి ఎత్తిస్తాడు. పోయిన వేసవిలో ఆ లారీ నాగ్‌పూర్ చేరకముందే మొరాయించింది. బాగుచేసుకుని ఢిల్లీ చేరేసరికి అడుగు వరుసలు రసం కారుతున్నాయి. తరుగు పోను చేతికి వచ్చింది కూలీలకే చాలలేదు.

రైలు మీద పండ్లు పంపడం మా వైపు కొత్తేమీ కాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి 43 శీతల కంటైనర్ల అరటి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు వెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరింది. ఇంత సరుకు ఉంటేనే తీసుకుంటామనే షరతు దానికి లేదు. పది గంపలున్న రైతూ పంపుకోవచ్చు, దారిలో ఎక్కించవచ్చు, దించవచ్చు. కిరాయిలో సగం రాయితీ కూడా ఇచ్చారు. ఆ రాయితీ పోయాక మా వైపు ఆ బండి ఊసే లేదు.

రాయితీ తిరిగి ఇస్తే కాదనం. అయితే మాకు అంతకంటే ముందు కావలసింది వేళ. గూడ్సుకు టైంటేబులు ఉండదు, ఖాళీ దొరికినప్పుడు కదులుతుంది. సిమెంటు బస్తా పక్క లైనులో పూటంతా పడి ఉన్నా సిమెంటే. మే నెల ఎండలో బొప్పాయికి ఆ పూట చాలు. దళారి కూడా ధర కట్టేటప్పుడు సరుకు ఏ రోజు చేరుతుందనే అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే, కిరాయి సగమైనా రైతు లారీనే పిలుస్తాడు.

నిండు బండికి సరిపడా సరుకు రోజూ రాదని రైల్వేవారు అనవచ్చు. నిజమే, రాదు. నిండు బండి మేమూ అడగడం లేదు. కాపు రోజుల్లో వారానికి రెండుసార్లు, చెప్పిన రోజున, చెప్పిన గంటకు కదిలే నాలుగు పార్శిలు పెట్టెలు చాలు. కోడూరులోనో ఓబులవారిపల్లెలోనో గంపలు ఎండకు మాడకుండా ఒక రేకుల షెడ్డు వేయాలి. జంట లైను ఉంది, కరెంటు ఇంజన్లు ఉన్నాయి. వచ్చే మామిడి కాపులోపు ఒక్క నెల నడిపి చూడమని గుంతకల్లు డివిజను అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప