ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చున్న అప్పకి

ఇంజెక్షన్ చేయించుకుని ఈ రోజుకి 11 రోజులు. నిన్న రాత్రి ఒక్కసారే లేచాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి తెల్లారిపోయింది, దుప్పటి పొడిగా ఉంది. మంచం మీదే కూర్చుని ఏడ్చేశాను. ఒంట్లో ఇంకా ఓపిక లేదు, కానీ ఇప్పుడు రాయకపోతే తర్వాత సిగ్గు అడ్డొస్తుంది.

నాకు 49 ఏళ్లు. విశాఖలో గాజువాకలో ఉంటాం, జగదాంబ దగ్గర ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెప్తాను. నాలుగేళ్లుగా నాకు యూరిన్ ఆగదు. దగ్గితే తుమ్మితే పడడం వేరు, అది వేరే జబ్బట. నాది ఉన్నట్టుండి తన్నుకొచ్చేస్తుంది, బాత్రూం తలుపు గడియ తీసేలోపే అయిపోతుంది. ఎవరికి చెప్పినా "వయసు, మెనోపాజ్, మామూలే" అన్నారు. నేనూ అదే నమ్మి, మంచినీళ్లు తాగడం తగ్గించి, ప్యాడ్లు పెట్టుకుని, ముదురు రంగు చీరలే కట్టుకుని నెట్టుకొచ్చాను.

నిరుడు ఆషాఢంలో ఒక శనివారం, ఒంటిపూట బడి. మధ్యాహ్నం గాజువాక బస్సెక్కాను. పాత పోస్టాఫీసు దగ్గర ఒకావిడ సిల్వరు బేసినుతో ఎక్కి నా పక్కన కూర్చుంది. వేట మళ్లీ మొదలైన రోజులు, బేసిను నిండా చేపలు, పైన ఐసు, తడి గోనె. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీలు అడ్డంపడి బస్సు కదల్లేదు. ఇరవై నిమిషాలు బిగపట్టాను. ఇక నా వల్ల కాలేదు. సీటు తడిసింది, చీర తడిసింది, కాళ్ల మీంచి కిందికి కారిపోతోంది. లేచి నిలబడలేను, కూర్చోలేను. తలొంచుకున్నాను.

ఆవిడ కిందికి చూసింది. నా మొహంలోకి చూసింది. ఒక్క మాటా అనలేదు. కాళ్ల దగ్గరున్న బేసినుని మోకాలితో ఎత్తి, ఆ ఐసునీళ్లు నా చీర మీద, సీటు మీద ఒంపేసింది. తర్వాత గట్టిగా, బస్సంతా వినబడేలా, "అయ్యో తల్లీ, నా బేసిను ఒలికిపోనాది, నీ సీరంతా పాడైపోనాది!" అంది.

కండక్టరు వచ్చి ఆవిణ్ణి ఎన్ని మాటలన్నాడో. చేపలవాళ్లని ఎక్కించుకోవడమే తప్పన్నాడు. ముందు సీటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్ప మాత్రం "తప్పైపోనాది బాబూ, నానే తుడిసేస్తాను" అని తన తలకట్టు గుడ్డతో నా కాళ్ల కింద వంగి తుడిచింది. చేపల నీళ్లే అనుకుని కాదు. అదేంటో తెలిసీ తుడిచింది.

"ఎందుకప్పా ఇలా చేశావు" అని మెల్లిగా అడిగితే, నా చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది: "మాయమ్మకీ ఇదే. పెళ్లిళ్లకీ పండగలకీ ఎల్లడం మానేసింది. ఇంట్లోనే పోనాది. నివ్వు మానీకు తల్లీ, ఆసుపత్రికెల్లు." మల్కాపురంలో దిగిపోయింది. పేరు అడగలేదు. ఇంటికెళ్లి చీర ఉతుకుతుంటే కుచ్చిళ్ల మడతలో ఒక చేప పొలుసు అంటుకుని కనబడింది, వెండి రజనులా. అది నా లెక్కల డైరీలో దాచుకున్నాను.

సోమవారమే యూరాలజీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. రోజుకి ఎన్నిసార్లు యూరిన్‌కి వెళ్తున్నానో మూడు రోజుల లెక్క రాయమన్నారు. పగలు 14 సార్లు, రాత్రి 4 వచ్చింది. మూత్రం సంచి నిండకుండానే దాని కండరం బిగుసుకుంటోందన్నారు. ముందు వ్యాయామాలు, కాఫీ మానడం, తర్వాత సోలిఫెనసిన్ మాత్రలు, తర్వాత మిరాబెగ్రాన్ మాత్రలు. మొదటి మాత్రకి నోరు ఎండిపోయి బోర్డు ముందు మాట పెగిలేది కాదు, మలబద్ధకం ఒకటి. రెండోదానితో కొంచెం తగ్గింది, అంతే. అప్పుడు బోటాక్స్ అన్నారు. మొహం ముడతలకి చేసేదే! సరిగా నిలవచేయని తిండిలో పుట్టే బోటులినం విషమది. పిసరంత ఇస్తే నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపుతుందట.

100 యూనిట్లు, 20 పోట్లు. ముందు సంచిలోకి మత్తుమందు ఎక్కించి ఇరవై నిమిషాలు పడుకోబెట్టారు. తర్వాత కెమెరా గొట్టం. తెర మీద లోపలి గోడ గులాబి రంగులో కనబడింది. సూది దిగినచోటల్లా చిన్న బుడగలా పొంగేది. నర్సమ్మ "ఏడు... ఎనిమిది..." అని పైకి లెక్కపెడుతుంటే నేనూ కలిసి లెక్కపెట్టాను. అంతకుముందే ఆవిడ నాకు ట్యూబు సొంతంగా పెట్టుకోవడం నేర్పించింది. వందలో ఐదారుగురికి మూత్రం పూర్తిగా రాక కొన్నాళ్లు అలా తీసుకోవాల్సి వస్తుందట. నాకింతవరకు అవసరం రాలేదు. వచ్చేవారం స్కాన్ ఉంది. మందు పని ఆరు నెలలకో తొమ్మిది నెలలకో తగ్గిపోతుంది, మళ్లీ చేయించుకోవాలి. చేయించుకుంటాను.

మా ఆయన, మా పాప దగ్గరుండి చూసుకున్నారు. వాళ్లకి వేరే చెప్పేదేముంది.

ఒక్కటి మాత్రం కడుపులోంచి పోవడం లేదు. మా పాలసీ కంపెనీవాళ్లు క్లెయిమ్ తిప్పికొట్టారు. "బోటాక్స్ సౌందర్య చికిత్స" అని ఒక్క లైను. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ నరాల జబ్బుల వల్ల యూరిన్ ఆగనివాళ్లకి 2011లో, నాలాంటివాళ్లకి 2013 జనవరిలో దీనికి అనుమతిచ్చింది. డాక్టరు చీటీలో జబ్బు పేరు స్పష్టంగా ఉంది. నాలుగేళ్లు తడి బట్టలతో తిరిగినదాన్ని అందం కోసం చేయించుకున్నానంటారా? మళ్లీ రాశాను, జవాబు లేదు. ఇప్పటికైతే గాజుల జత తాకట్టులో ఉంది. అసలు ఇంత ఊళ్లో ఒక ఆడది బస్సు దిగి నమ్మకంగా వెళ్లగలిగే బాత్రూం ఎన్నిచోట్ల ఉందో కూడా ఎవరైనా చూడాలి.

మర్చిపోయాను, మా హెడ్మిస్ట్రెస్ మేడం ఏ ప్రశ్నా వెయ్యకుండా నా క్లాసులన్నీ కిందికి, బాత్రూం పక్క గదికి మార్చారు. మేడం, చాలా థాంక్స్. యూరిన్ కల్చర్ టెస్టులో ఇన్‌ఫెక్షన్ తేలి మొదటిసారి ఇంజెక్షన్ వాయిదా పడ్డ రోజు, తిరుగు కిరాయి వద్దన్న ఆటో తమ్ముడికి కూడా. పక్కింటి పిన్నిగారు రోజూ చారు పంపించారు, ఆవిణ్ణి ముందే రాయాల్సింది.

మల్కాపురం, సింధియా వైపు చేపలమ్మే ఆవిడ, యాభై దాటి ఉంటాయి, ఎడమ చేతి మీద పచ్చబొట్టు. మీకెవరికైనా తెలిస్తే ఇది చదివి వినిపించండి. వచ్చే శనివారం నుంచి అదే మధ్యాహ్నం బస్సులో, ముందు డోరు వెనక సీట్లో ఉంటాను. పక్క సీటు ఆవిడకి ఆపి ఉంచుతాను.

ఆ రోజు డ్యూటీలో ఉన్న కండక్టరుగారికి కూడా ఒక మాట. సీటు పాడుచేసింది ఆవిడ కాదు, నేను.