ట్రే ఖాళీ, ఈసిమ్ లోపలే: మీరు అమ్మిన వాడిన ఫోన్‌పై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,
హైదరాబాద్.

విషయం: పూర్వ యజమాని ఈసిమ్ కనెక్షన్‌ను తొలగించకుండా, పనిచేస్తున్న స్థితిలోనే ఫోన్‌ను నాకు అమ్మడం గురించి.

ఆర్యా,

అమీర్‌పేటలోని మీ దుకాణంలో నేను కొన్న వాడిన ఫోన్, దానిని మీకు అమ్మిన వ్యక్తి ఈసిమ్‌తో, అంటే ట్రేలో పెట్టే ముక్క లేకుండా ఫోన్ లోపలి చిప్‌లోనే ఉండే సిమ్‌తో సహా నా చేతికి వచ్చింది. ఆ కనెక్షన్ ఆగిపోయినదీ కాదు, గడువు తీరినదీ కాదు. కాల్స్, సందేశాలు అందుకుంటున్న కనెక్షన్. ఈ సంగతిని మీ దుకాణంలో చెప్పాను, చాట్‌లో రాశాను, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వివరించాను. ఒక్కొక్కచోట ఒక్కొక్క సమాధానం వచ్చింది గానీ ఏదీ అసలు విషయాన్ని తాకలేదు కాబట్టి ఇప్పుడు రాతపూర్వకంగా మీ దృష్టికి తెస్తున్నాను. బిల్లు నకలు, పెట్టెలో మీరు పెట్టి ఇచ్చిన తనిఖీ పత్రం నకలు, సెట్టింగ్స్ తెర ఫొటోలు జతచేశాను. ఫొటోలలో ఆ వ్యక్తి నంబరు పూర్తిగా కనిపించకుండా కొన్ని అంకెలను కప్పివేశాను.

ఫోన్‌ను ఇంటికి తెచ్చి ఆన్ చేసినప్పుడు, ట్రేలో నేను ఇంకా ఏ సిమ్మూ పెట్టకముందే, తెర పైభాగాన సిగ్నల్ గీతలు నిండుగా కనిపించాయి. సెట్టింగ్స్‌లో చూస్తే ఒక ఈసిమ్, దాని పక్కన నాకు తెలియని నంబరు ఉన్నాయి. కాసేపటికి రీఛార్జ్ గడువు గుర్తుచేస్తూ ఒక సందేశం, ఆ వెనుకే ఏదో బ్యాంకు ఖాతాలో జమ అయిన మొత్తం గురించి మరొక సందేశం వచ్చాయి. పరాయి వారి సందేశాలు చూడడం మర్యాద కాదని వాటిని అంతటితో వదిలేసి, ఆ లైన్‌ను సెట్టింగ్స్‌లో ఆఫ్ చేశాను. డిలీట్ మాత్రం చేయలేదు. మీ దుకాణంలోని యువకుడు "డిలీట్ కొట్టేయండి మేడమ్, అయిపోతుంది" అన్నాడు. నాకు పేచీ అంతా ఆ మాటతోనే కాబట్టి, దానివల్ల ఏమవుతుందో కొంచెం వివరంగా రాయక తప్పదు.

మామూలు సిమ్‌లో కనెక్షన్ వివరాలన్నీ ఆ చిన్న ముక్కలోనే ఉంటాయి. దానిని బయటికి తీస్తే నంబరు కూడా దానితోపాటే బయటికి వస్తుంది. ఈసిమ్‌లో ఆ చిప్ ఫోన్ బోర్డుకే అతికి ఉంటుంది. దానికి ఈఐడీ అనే 32 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆపరేటర్ ఇచ్చిన క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసినప్పుడు కనెక్షన్ ప్రొఫైల్ ఆపరేటర్ సర్వర్ నుంచి దిగి ఆ చిప్‌లో కూర్చుంటుంది, ఆ చిప్‌కే కట్టుబడి ఉంటుంది. ఒకసారి వాడిన క్యూఆర్ కోడ్ సాధారణంగా రెండోసారి పనిచేయదు. కనుక నేను ఇక్కడ ప్రొఫైల్‌ను చెరిపివేస్తే ఆ వ్యక్తి కనెక్షన్ రద్దు కాదు, అది ఆయన మరో ఫోన్‌లోకి మారదు కూడా. ఆయన పేరున, ఆయన ఖర్చున ఆపరేటర్ లెక్కల్లో బతికే ఉంటూ, ఏ ఫోన్‌లోనూ మోగని నంబరుగా మిగులుతుంది. దానిని తిరిగి పొందాలంటే ఆయన ఆపరేటర్‌కు కొత్త ఈసిమ్ కోసం అర్జీ పెట్టుకోవాలి, ఆ అర్జీని నిర్ధారించే సందేశం మామూలుగా వచ్చేది మళ్లీ ఆ నంబరుకే. అది ఎక్కడా మోగనప్పుడు ఆయన గుర్తింపు కార్డు పట్టుకుని ఆపరేటర్ దుకాణానికి వెళ్లవలసిందే.

ఆ వ్యక్తికి ఈ సంగతి ఇంతవరకూ తెలియకపోవడానికి కారణం నేను ఊహించగలను. ట్రేలో ఉన్న ముఖ్యమైన సిమ్‌ను ఆయన తీసుకుని వెళ్లి ఉంటారు. ఈసిమ్‌లో ఉన్నది బ్యాంకు సందేశాల కోసమో మరో అవసరం కోసమో పెట్టుకున్న రెండో నంబరు కావచ్చు. ఆ లైన్‌ను ఆఫ్ చేయకముందు, ఆయనకు చెబుదామని మా ఇంట్లోని మరో ఫోన్ నుంచి ఆ నంబరుకు చేస్తే, మోగింది నా చేతిలో ఉన్న ఈ ఫోనే. ఆపరేటర్‌ను అడిగితే చందాదారుతో తప్ప ఇతరులతో మాట్లాడలేమన్నారు, అది సరైన మాటే. ఇక ఆయన పేరు, చిరునామా, ఫోన్ అమ్మినప్పుడు ఇచ్చిన గుర్తింపు కార్డు, డబ్బు జమ చేసిన ఖాతా అన్నీ ఉన్నది ఒక్క మీ సంస్థ దగ్గరే. ఆయనను చేరగలిగిన మీరే "సిమ్ సమస్యలకు మీ ఆపరేటర్‌ను సంప్రదించండి" అని చాట్‌లో నాకు జవాబు ఇవ్వడం ఎంత అసంబద్ధమో మీరే ఆలోచించండి. నా సిమ్‌కు ఏ సమస్యా లేదు.

ఇందులో ప్రమాదం ఊహాజనితం కాదు. యూపీఐ యాప్‌లు నమోదు సమయంలో మొదట చేసే పని ఫోన్‌లో ఉన్న సిమ్ నుంచి ఒక సందేశం పంపి ఆ నంబరును నిర్ధారించుకోవడం. వాట్సాప్ ఖాతా తెరుచుకునేది ఆరు అంకెల కోడ్‌తో. ఆధార్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ వచ్చేవి కూడా నంబరుకే. పిన్‌లూ కార్డు వివరాలూ ఇంకా అడ్డు ఉంటాయన్నది నిజమే గానీ, మొదటి తలుపు మాత్రం మీ సంస్థ చేతులతోనే తెరిచి ఎవరో ఒక కొనుగోలుదారుకు అప్పగించింది. నా వైపు నుంచి చూసినా నిశ్చింతగా లేదు. ఏ నంబరు ఏ ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) ఉన్న ఫోన్ నుంచి నెట్‌వర్క్‌లోకి వచ్చిందో ఆపరేటర్ల రికార్డులలో నమోదవుతుంది. నా పేరున బిల్లు ఉన్న ఫోన్‌కూ, నేను ఎన్నడూ చూడని మనిషి నంబరుకూ అక్కడ ముడి పడి ఉంది. రేపు ఆ నంబరు మీద ఏదైనా వివాదం వస్తే సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం నాకెందుకు?

మీ తనిఖీ పత్రం గురించి కూడా చెప్పాలి. అందులో తెర, బ్యాటరీ, కెమెరాలు, స్పీకర్లు, వేలిముద్ర సెన్సార్ మొదలైన వాటి పక్కన వరుసగా టిక్కులు ఉన్నాయి. "సిమ్ తొలగించబడినది" అన్న దానికీ టిక్కు ఉంది, "డేటా పూర్తిగా తుడిచివేయబడినది" అన్న దానికీ ఉంది. మొదటిది ట్రేను బయటికి లాగి చూసి పెట్టినదని స్పష్టంగా తెలుస్తోంది. రెండోది నిజమే కావచ్చు, ఎందుకంటే ఫొటోలు, యాప్‌లు, ఖాతాలు ఏవీ ఫోన్‌లో లేవు. కానీ అవి ఉండేది ఫోన్ స్టోరేజీలో. ఈసిమ్ ప్రొఫైల్ ఉండేది వేరే చిప్‌లో. స్టోరేజీని ఎన్నిసార్లు తుడిచినా ఆ చిప్‌ను ప్రత్యేకంగా ఖాళీ చేస్తే తప్ప ప్రొఫైల్ కదలదు. ఐఫోన్లలో గానీ, ఈసిమ్ సౌకర్యమున్న చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గానీ రీసెట్ చేసేటప్పుడు ఈసిమ్‌ను కూడా తీసివేయాలా, ఉంచాలా అన్న ఎంపిక కనిపిస్తుంది. సొంత ఫోన్‌ను రీసెట్ చేసుకునే వారి నంబరు పొరపాటున పోకూడదని పెట్టిన ఏర్పాటు అది. పాత ఫోన్లు కొని అమ్మడమే వృత్తిగా ఉన్న సంస్థ ఉద్యోగికి ఆ ప్రశ్న కనిపించి ఉండాలి, లేదా అది కనిపించని పద్ధతిలో రీసెట్ చేస్తున్నామన్న స్పృహ అయినా ఉండాలి. రీసెట్ పూర్తయ్యాక సెట్టింగ్స్‌లో సిమ్‌ల జాబితా తెరిచి చూడడానికి అర నిమిషం పట్టదు.

ఫోన్ల దుకాణాలుండే ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో బిల్లు అడగడానికి మొహమాటపడే నాలాంటి వారు, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరేనని మీ దగ్గరికి వస్తారు. నిజం చెప్పాలంటే, లోగడ మా తమ్ముడు తన పాత ఫోన్‌ను అక్కడి ఒక చిన్న దుకాణంలో అమ్మినప్పుడు ఆ దుకాణదారు చేసిన మొదటి పని, సెట్టింగ్స్ తెరిచి "భాయ్, ఇందులో ఈసిమ్ ఉంది, కొత్త ఫోన్‌లోకి మార్చుకుని అప్పుడు రండి" అని తిప్పి పంపడం. ఆ జాగ్రత్తకు ఆయన సర్టిఫికెట్ ఏదీ ముద్రించి ఇవ్వలేదు.

మీరు ఐఎంఈఐ తనిఖీ చేశామని, ఫోన్ "క్లీన్" అని కస్టమర్ కేర్‌లో పదేపదే చెప్పారు. ఆ తనిఖీ అవసరమే. 2025లో సవరించిన టెలికాం సైబర్ భద్రతా నియమాల ప్రకారం వాడిన ఫోన్ల వ్యాపారులకు అది బాధ్యత కూడా. నేను సైతం కొనడానికి ముందు కేవైఎం అని రాసి ఐఎంఈఐ చేర్చి, ఫోన్ల వివరాలు చెప్పే టెలికాం శాఖ నంబరు 14422కు సందేశం పంపి చూసుకున్నాను. అయితే ఆ డేటాబేస్ చెప్పేది ఫోన్ దొంగిలించినదా, నిరోధించినదా, నకిలీ సంఖ్య ఉన్నదా అన్న విషయాలనే. లోపల ఎవరి ఈసిమ్ ఉందో అది చెప్పదు. పనిలో పనిగా మరొక లోపం: రెండు లైన్లు పనిచేసే ఈ ఫోన్‌కు రెండు ఐఎంఈఐ సంఖ్యలు ఉండగా మీ బిల్లులో ఒక్కటే ముద్రించారు. ఫోన్ పోయినప్పుడు టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో నిరోధించమని కోరడానికైనా, ఈసిమ్ కోసం ఆపరేటర్‌కు వివరాలు ఇవ్వడానికైనా రెండూ బిల్లులో ఉండడం మంచిది.

ఇక "ఫోన్ వాపసు ఇచ్చేయండి, డబ్బు ఇచ్చేస్తాం" అన్న ప్రతిపాదన. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ ఈసిమ్ సంగతి ఏం చేస్తారని అడిగితే, తీసుకువెళ్లడానికి వచ్చే మనిషికి అదేమీ తెలియదని, ఫోన్ గోదాముకు చేరాక "ప్రాసెస్ ప్రకారం" జరుగుతుందని అన్నారు. ఆ ప్రాసెస్ ఎంత చక్కగా జరుగుతుందో నా చేతిలోని ఫోనే చెబుతోంది. ఒక మనిషి నంబరును మళ్లీ దారిన వెళ్లే చేతుల్లో పెట్టడం నాకు ఇష్టం లేక అందుకు ఒప్పుకోలేదు. వాపసు గడువు ముగిసిందన్న మాట ఇకమీదట మీ నుంచి రాకూడదని కూడా ఇక్కడే రాస్తున్నాను. లోపాన్ని గడువు లోపలే తెలియజేశాను, ఆధారాలు జతచేశాను.

ఈలోగా నాకు కలిగిన నష్టం ఏమిటని మీ ప్రతినిధి అడిగారు. నా నంబరును ఈసిమ్‌గా మార్చుకుని, ట్రేలో మా అమ్మగారి సిమ్ పెట్టి వాడుకోవాలని ఈ ఫోన్ కొన్నాను. సిమ్ మార్చిన ప్రతిసారీ 24 గంటలపాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి, అంటే బ్యాంకు ఓటీపీలు రావు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం సిమ్ మార్చిన ఏడు రోజులలోపు నంబరును మరో ఆపరేటర్‌కు పోర్ట్ చేసుకునే వీలూ లేదు. రేపో మాపో తిరిగి ఇవ్వవలసి రావచ్చని తెలిసిన ఫోన్‌లోకి నా బ్యాంకు నంబరును దించుకుని, మళ్లీ తీసి, మళ్లీ ఆ నిరీక్షణ అంతా ఎందుకు పడాలి? పూర్తి ధర చెల్లించిన ఫోన్ అందుకే వాడకుండా పక్కన పడి ఉంది.

కాబట్టి నేను కోరుతున్నది ఇది. ముందుగా, ఆ ఫోన్‌ను మీకు అమ్మిన వ్యక్తికి మీరే తెలియజేసి, ఆయన తన ఆపరేటర్ దగ్గర కొత్త సిమ్ గానీ కొత్త ఈసిమ్ గానీ తీసుకునేలా చూడాలి. అలా జారీ అయినప్పుడు ఈ ఫోన్‌లో ఉన్న పాత ప్రొఫైల్ నెట్‌వర్క్‌లో దానంతటదే చెల్లకుండా పోతుంది, ఆ తర్వాత దానిని చెరిపినా ఎవరికీ నష్టం ఉండదు. ఈ వరుస తారుమారు కాకూడదు. ఆయన నంబరు గానీ పేరు గానీ నాకు చెప్పనక్కరలేదు. రెండోది, పనిచేస్తున్న ఇతరుల కనెక్షన్‌తో ఈ ఫోన్ నాకు సరఫరా అయిందని, రెండు ఐఎంఈఐ సంఖ్యలూ అమ్మిన తేదీ వేసి మీ సంస్థ రాతపూర్వకంగా అంగీకరించాలి. పైన చెప్పిన ముడి గురించి ఎవరైనా అడిగితే నా దగ్గర చూపడానికి కాగితం ఉండాలి. అటుపైన ఇదే ఫోన్‌ను సరిచేసి కొత్త తేదీతో వారంటీ ఇస్తారా, డబ్బు వాపసు ఇస్తారా అన్నది తేల్చుకోవచ్చు, నాకు రెండూ సమ్మతమే. మీరు ఫోన్ కొనే పద్ధతిలో మార్పు కూడా కోరుతున్నాను: ఇంటికి వచ్చి ఫోన్ తీసుకునే మీ మనిషి, అమ్మేవారి ఎదుటే సిమ్‌ల జాబితా తెరిచి, ఈసిమ్ వేరే ఫోన్‌కు మారిందని చూసిన తర్వాతే డబ్బు జమ చేయాలి. ఈ మార్పు నా డబ్బుతో ముడిపెట్టే షరతు కాదు. కానీ నా ఫోన్ ఒక్కటే ఇలా వచ్చిందని నేను నమ్మడం లేదు.

వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలరోజుల్లో పరిష్కరించవలసి ఉంది. నేను దుకాణంలో ఫోన్ తీసుకున్నా ఆర్డరు మీ యాప్‌లోనే పెట్టి చెల్లించాను కనుక ఆ గడువులనే పాటించమని కోరుతున్నాను. అవి దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద హైదరాబాద్ జిల్లా కమిషన్‌ను సేవాలోపం కింద ఆశ్రయిస్తాను.

ఫోన్ ఆఫ్ చేసి, పెట్టెతో సహా భద్రంగా నా దగ్గర ఉంది. దానిని చూడడానికి మీ సాంకేతిక సిబ్బందిని పంపేటట్లయితే ముందురోజే మెయిల్‌లో తెలియజేయండి. పూర్వ యజమాని కొత్త సిమ్ తీసుకున్నారన్న నిర్ధారణ మీ చేతికి రాకముందు మాత్రం ఎవరినీ పంపవద్దు.

భవదీయురాలు,
మీ కొనుగోలుదారు
మలక్‌పేట, హైదరాబాద్.

జతపరచినవి: బిల్లు నకలు, తనిఖీ పత్రం నకలు, సెట్టింగ్స్ తెర ఫొటోలు, చాట్ సంభాషణ ప్రతి.