‘లవ్‌లెస్’ను విమర్శకులు కాదనలేదు

సంపాదకుల వారికి,

నమస్కారం. రెండు ఆదివారాల క్రితం మీ అనుబంధంలో మై బ్లడీ వాలంటైన్ అనే రాక్ బ్యాండ్ గురించి, వాళ్ల ‘లవ్‌లెస్’ ఆల్బమ్ గురించి అరపేజీ వ్యాసం వేశారు. ఈ సంగీతం గురించి తెలుగు పేపర్లో అరపేజీ వస్తే నాకు పండగే. మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. చదవడం పూర్తయ్యేసరికి ఆ సంతోషం సగం కూడా మిగల్లేదు. తర్వాతి వారం సవరణ వేస్తారేమోనని చూశాను. ఆ పై వారం కూడా చూశాను. వేయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆల్బమ్ వచ్చినప్పుడు విమర్శకులకు అర్థం కాలేదని, చెత్త అని తీసిపారేశారని, చివరికి కాలమే వాళ్లకు బుద్ధి చెప్పిందని మీ వ్యాసం సారాంశం. కథ చదవడానికి బాగుంది. కానీ అలా జరగలేదు. ‘లవ్‌లెస్’ 1991 నవంబరు 4న విడుదలైంది. లండన్ వారపత్రిక ఎన్‌ఎంఈ 10కి 8 మార్కులు ఇచ్చింది. అక్కడి మరో సంగీత వారపత్రిక మెలొడీ మేకర్‌లో సైమన్ రేనాల్డ్స్ మెచ్చుకుంటూ రాశారు. అమెరికాలో రోలింగ్ స్టోన్ పత్రిక 5కి 4 నక్షత్రాలు ఇచ్చింది. ఇందులోని ‘సూన్’ పాట అంతకు ముందు ఏడాదే విడిగా వస్తే బ్రయన్ ఈనో అంతటి సంగీతకారుడు దాన్ని పొగిడారు. ఇవన్నీ అచ్చులో ఉన్న విషయాలు, ఓ పది నిమిషాలు ఇంటర్నెట్‌లో వెతికితే ఎవరికైనా దొరుకుతాయి. ఏడాది చివరి జాబితాల్లో అందరూ దీన్ని మొదట పెట్టలేదు, నిజమే. ఆ ఏడాదికి స్పిన్ పత్రిక అగ్రస్థానం టీనేజ్ ఫ్యాన్‌క్లబ్ అనే బ్యాండ్ ఆల్బమ్‌కి ఇచ్చింది. మొదటి స్థానం ఇవ్వకపోవడమూ చెత్త అనడమూ ఒకటేనా?

కాదన్నది ఎవరో నేను చెబుతాను. కొనేవాళ్లు పెద్దగా కొనలేదు. బ్రిటన్ చార్టులో 24వ స్థానం దాటి పైకి పోలేదు. అమెరికాలో మొదటి 200లోకే రాలేదు. తర్వాత కంపెనీ ఆ బ్యాండ్‌ను వదులుకుంది. క్రియేషన్ రికార్డ్స్ అనే చిన్న స్వతంత్ర రికార్డు కంపెనీ అది. రికార్డింగ్ 1989 ఫిబ్రవరిలో మొదలై 1991 సెప్టెంబరు దాకా సాగింది, 19 స్టూడియోలు మారాయి. ఏ చిన్న కంపెనీకైనా ఊపిరాడని వ్యవహారమే. కానీ మీ వ్యాసకర్త ‘రెండున్నర లక్షల పౌండ్లు ఖర్చయి కంపెనీ దివాలా తీసింది’ అని బిల్లు కళ్లారా చూసినట్టు రాశారు. ఆ అంకె ప్రచారంలో ఉన్నమాట వాస్తవం. అంత కాలేదని బ్యాండ్ గిటారిస్టు కెవిన్ షీల్డ్స్ ఎన్నోసార్లు చెప్పాడన్నది కూడా అంతే వాస్తవం. రెండో మాట ఎందుకు వదిలేశారు? పైగా కంపెనీ దివాలా తీయలేదు. 1992లో సగం వాటా సోనీకి అమ్ముకుంది, తర్వాత ఒయాసిస్ బ్యాండ్‌ను తెచ్చుకుంది. డబ్బు లెక్క చూసుకున్నవాళ్లు వెళ్లగొడితే, చెవిపెట్టి విన్నవాళ్ల మీద నింద వేయడం ఏం న్యాయం?

ఇంకో తప్పు. ‘లవ్‌లెస్’ను వాళ్ల తొలి ఆల్బమ్ అని రాశారు. అది రెండోది. మొదటిది ‘ఇజంట్ ఎనీథింగ్’, 1988లో వచ్చింది. దీన్ని అచ్చుతప్పులా వదిలేయడానికి లేదు. ఆ మొదటి ఆల్బమ్‌ను మెచ్చుకున్నది కూడా ఈ విమర్శకులే. ఆ పేరు లేకపోతే రెండోదానికి అన్నేళ్లు, అన్ని స్టూడియోలు ఎవరు ఇస్తారు? ‘తొలి’ అన్న ఒక్క మాటతో ఆ వెనక కథంతా మాయమైపోయింది.

నేను ఈ ఆల్బమ్‌ను మొదట 1993లో విన్నాను. హైదరాబాద్‌లో చదువుకుంటున్నాను. స్నేహితుడి అన్నయ్య లండన్ నుంచి క్యాసెట్ తెచ్చాడు. రెండు నిమిషాలు వినగానే టేప్ రికార్డర్ బెల్టు లూజయిందనుకున్నాను. గిటార్ శ్రుతి కాస్త కిందికీ కాస్త పైకీ ఊగుతోంది, పాడే అమ్మాయి గొంతు ఎక్కడో గోడ అవతలి నుంచి వస్తోంది. సెట్టు పట్టుకుని రేడియో రిపేరు షాపుకు వెళ్లాను. ఆయన హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, మా క్యాసెట్టూ తన దగ్గరున్న ఘంటసాల క్యాసెట్టూ మార్చి మార్చి వేసి, ‘సెట్టు బాగానే ఉంది బాబూ, పాటే అట్లా ఉంది’ అన్నాడు.

పాట అలా ఎందుకు ఉందో తర్వాత తెలిసింది. గిటార్‌కు ట్రెమొలో ఆర్మ్ అని ఓ కడ్డీ ఉంటుంది, దాన్ని కదిపితే తీగల బిగువు మారుతుంది. షీల్డ్స్ ఆ కడ్డీని చేతిలోనే పట్టుకుని, కదుపుతూ తీగలన్నీ మీటుతాడు. స్వరం ఒక్కచోట నిలవదు. మన వీణలో తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపుతారే, ఆ చెవి ఉన్నవాళ్లకు ఇది అంత పరాయి సంగతేం కాదు. వీణలో ఊగేది ఒక్క స్వరం, ఇక్కడ కలిసి మోగే స్వరాల గుంపు (కార్డ్) మొత్తం ఊగుతుంది. గాయని బిలిండా బుచర్ గొంతును గిటార్ల కిందికి కావాలనే దించారు, మాటలు తెలియకపోయినా ఫర్వాలేదని. ఇంత కొత్త పనిని వచ్చిన వారాల్లోనే గుర్తుపట్టి, మంచిదని రాయగలిగారు ఆనాటి సమీక్షకులు. నాకు నెల పట్టింది. వాళ్లను మూర్ఖులంటే నాకు బాధ కలగదా?

కాలం చేసింది కూడా లేకపోలేదు. పిచ్‌ఫోర్క్ అనే అమెరికా సంగీత వెబ్‌సైట్ 1999లో ఆ దశాబ్దపు ఆల్బమ్‌లలో దీన్ని మొదట పెట్టింది, 2003లో జాబితా తిరగరాసి రెండో స్థానానికి మార్చింది. రోలింగ్ స్టోన్ 500 ఆల్బమ్‌ల జాబితాలో 2003లో 219, 2020లో 73. స్థానం పెరిగింది, ఒప్పుకుంటాను. కానీ మంచిదన్న మాట మొదటి రోజు నుంచీ ఉంది.

ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, ‘విమర్శకులకు ఏమీ తెలియదు’ అన్న మాట మన పత్రికలకు చాలా సౌకర్యంగా మారింది. మీ పేపర్లోనే ఒకప్పుడు వారం వారం సంగీతం కాలమ్ ఉండేది. కచేరీకి వెళ్లి, కూర్చుని, విని, ఆలాపన ఎక్కడ తేలిపోయిందో రాసేవారు. అది ఎప్పుడు ఆపేశారో కూడా చెప్పలేదు. ఇప్పుడు సినిమా పాట వస్తే 24 గంటల్లో ఎన్ని వ్యూస్ వచ్చాయో వేస్తారు. బాణీ ఎలా ఉంది, గాయకుడు ‘ళ’ పలికాడా ‘ల’ పలికాడా, వాయిద్యాల హోరులో సాహిత్యం వినపడిందా, ఒక్క వాక్యం ఉండదు. కంపెనీ పంపిన ప్రకటనే పేరు మార్చి అచ్చవుతుంది. సినిమాతో పనిలేకుండా సొంతంగా తెలుగు పాటలు చేసుకునే పిల్లలు ఉన్నారు. వాళ్ల రెండో ఆల్బమ్ వస్తే బాగుందనో బాగాలేదనో చెప్పే మనిషి ఏ పేజీలో ఉన్నాడు?

పాత పత్రికలు చూసి నిర్ధారించుకుందామంటే మా ఊళ్లో ఆ వీలూ లేదు. ఇక్కడి ఓ గ్రంథాలయంలో ఇంగ్లిషు సంగీత పత్రికలు బైండు చేసి ఉండేవి, వాటి ముందు కూర్చుని నేను నోట్సు రాసుకున్నాను. ఈ మధ్య వెళ్లి అడిగితే చోటు చాలక తూకానికి అమ్మేశామన్నారు. ఎవరి అనుమతితో అని అడిగితే పైవాళ్లను అడగమన్నారు. పైవాళ్లు ఎవరో మాత్రం చెప్పలేదు. సంచాలకులకు ఉత్తరం రాశాను, జవాబు లేదు.

మీ పేపరు రెండో పేజీలో ‘సవరణ’ అని చిన్న డబ్బా ఉండేది. మా నాన్నగారు దాన్ని కూడా వదలకుండా చదివేవారు. దాన్ని మళ్లీ తెరవండి. ఈ విషయంలో రెండు వాక్యాలు చాలు: ‘లవ్‌లెస్’ ఆ బ్యాండ్ రెండో ఆల్బమ్, అది వచ్చినప్పుడు ప్రధాన పత్రికలు దాన్ని మెచ్చుకున్నాయి. దయచేసి ఆదివారమే వేయండి, ఆ వ్యాసం చదివినవాళ్లు మళ్లీ అనుబంధం తెరిచేది ఆ రోజే.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
విశాఖపట్నం