జిల్లా మైదానాలకు ఆడి వచ్చిన కోచ్‌లు కావాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2025 ఆగస్టులో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు బాధ్యతను ఖాలిద్ జమీల్‌కు అప్పగించినప్పుడు, చాలా ఏళ్ల తర్వాత ఒక భారతీయుడికి ఆ పదవి దక్కిందని పత్రికలన్నీ సంతోషంగా రాశాయి. ఆటగాడిగా ఆయనను గాయాలు వెంటాడాయి. అయినా ఆడటం మానగానే ఒక క్లబ్బు ఆయన చేతికి జట్టునిచ్చింది, ఆ అనుభవంతోనే 2016-17లో మిజోరంలోని ఐజ్వాల్ అనే చిన్న క్లబ్బును దేశంలోని క్లబ్బులు తలపడే ఐ-లీగ్‌లో విజేతగా నిలబెట్టగలిగారు. ఆడినవాడు నేర్పేవాడుగా మారే అలాంటి దారి ఉమ్మడి పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల్లో లేకపోవడం గురించే ఈ లేఖ రాస్తున్నాను.

నిజానికి ఈ దారి వేసిన వాళ్లలో మన హైదరాబాదీలే ముందున్నారు. ఉపాధ్యాయ వృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన సంగతి చాలామందికి తెలుసు. ఆయన తర్వాతి తరంలో సయ్యద్ నయీముద్దీన్ గురించి మాత్రం మన పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లి పెద్ద క్లబ్బులకు రక్షణ ఆటగాడిగా పేరు తెచ్చుకుని, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు ఆయన నాయకత్వం వహించారు. ఆట ముగించాక కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్పులు మూడూ అందించారు. 2005లో కరాచీలో దక్షిణాసియా దేశాల పోటీ అయిన శాఫ్ టైటిల్ గెలిచిన భారత జట్టుకూ ఆయనే కోచ్. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య అందుకున్న మనిషి. క్రమశిక్షణ విషయంలో ఆయన చూపే పట్టుదల కొందరు ఆటగాళ్లకు మింగుడు పడేది కాదు గానీ, తాను పాటించని నియమాన్ని ఆయన ఎవరి మీదా రుద్దలేదని నా నమ్మకం. హైదరాబాద్ వాడే అయిన షబ్బీర్ అలీ కూడా భారత జట్టుకు ఆడిన తర్వాత 1998-99లో గోవాకు చెందిన సాల్గావ్‌కర్‌ను జాతీయ లీగ్ విజేతగా నిలిపారు.

ఇంతటి చరిత్ర ఉన్న నగరానికి మహబూబ్‌నగర్ అయినా, నల్లగొండ అయినా నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఆ విద్య మాత్రం ఈ నూరు కిలోమీటర్లు దాటి రాలేదు. మా పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక్కడే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, అథ్లెటిక్స్ అన్నీ చూసుకోవాలి. ఆ ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన వాడిగా చెబుతున్నాను, అలా అన్నీ చూసుకునేవాడు ఫుట్‌బాల్‌ను లోతుగా నేర్పడం సాధ్యం కాదు. జోనల్ పోటీలు దగ్గర పడితే పదకొండు మందిని పోగు చేసి పంపడంతోనే మా పని ముగిసేది.

ఆడి వచ్చినవాడు నేర్పితే ఎలా ఉంటుందో ఈ మధ్య నల్లగొండలో దగ్గర నుంచి చూశాను. విశ్వవిద్యాలయ జట్టుకు ఆడి, ఇప్పుడు జిరాక్స్ దుకాణం నడుపుకుంటున్న ఒకాయన తెల్లవారుజామున ఇరవై మంది పిల్లలకు ఉచితంగా ఆట నేర్పుతున్నాడు. బంతి వస్తుంటే దాని వైపే చూస్తూ నిలబడిన పదేళ్ల పిల్లవాడిని ఆపి, "బంతి రాకముందే భుజం మీంచి వెనక్కి చూడు బిడ్డా, వచ్చినంక చూస్తే ఆలస్యమైతది" అన్నాడు. పాదం లోపలి అంచుతో బంతిని తాకుతూనే ఖాళీగా ఉన్న వైపుకు ఒళ్లు ఎలా తిప్పాలో తానే చేసి చూపించి, అదే పనిని ఎడమ కాలితో మళ్లీ మళ్లీ చేయించాడు. బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో రహీం సాబ్ ఆ రోజుల్లో ప్రత్యేకంగా పోటీలే పెట్టేవారట. పుస్తకం చదివి ఇలాంటివి చెప్పవచ్చు గానీ, ఏ పిల్లవాడు ఏ క్షణంలో తడబడుతున్నాడో పట్టుకోవడం ఆడిన కంటికే సులువు.

ఆడిన అనుభవం ఒక్కటే చాలదన్నదీ నిజమే. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి, సి, బి, ఏ, ప్రో అని అంచెలంచెలుగా లైసెన్సులు ఇస్తోంది. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా ఉంది. ఏ వయసు పిల్లలకు ఎంత భారం, గాయమైతే ఏం చేయాలి అన్నవి అక్కడే పద్ధతిగా నేర్పుతారు. కాని నేను చెప్పిన ఆ జిరాక్స్ దుకాణదారుకు ఒక్క లైసెన్సు కూడా లేదు. ఫీజు కట్టి, దుకాణం మూసేసి, రోజుల తరబడి వేరే ఊళ్లో ఉండి కోర్సు చేసే స్తోమత తనకు లేదని ఆయన నాతో చెప్పాడు. లైసెన్సు లేనందున అధికారికంగా కోచ్ కాలేడు, కోచ్ కొలువు లేనందున లైసెన్సుకు డబ్బు సమకూరదు.

ఇక ఏటా జరిగే వేసవి శిబిరాల విషయం. మే నెల ఎండల్లో కొద్ది వారాల పాటు కోచ్‌కు గౌరవ వేతనం ఇచ్చి, జూన్‌లో బడులు తెరవగానే పంపించి వేస్తే పిల్లవాడికి మిగిలేది టీషర్టు మాత్రమే. ఫుట్‌బాల్ ఏడాది పొడవునా, ఏళ్ల తరబడి నేర్వవలసిన ఆట. 2025లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్రీడా విధానాన్ని ప్రకటించింది కనుక, దాని అమలులో భాగంగా ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండలలోని ప్రతి జిల్లా స్టేడియానికి ఏడాది పొడవునా పనిచేసే ఒక ఫుట్‌బాల్ కోచ్‌ను నియమించాలని, విశ్వవిద్యాలయ స్థాయిలోగాని రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీలోగాని ఆడిన స్థానికులకు ఆ నియామకాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని కోరుతున్నాను. వారి తొలి రెండు లైసెన్సుల ఫీజును, కోర్సు కాలంలో కోల్పోయే ఆదాయంలో కొంత భాగాన్ని ప్రభుత్వమే భరించాలి. ఆడపిల్లల జట్లకు మహిళా కోచ్ ఉండటం తప్పనిసరి చేయాలి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి బయలుదేరి దేశానికి ఆడిన గుగులోత్ సౌమ్య లాంటి వాళ్లు మన అచ్చంపేట, దేవరకొండ తండాల్లో లేరని ఎవరూ అనలేరు, చిన్ననాటనే వాళ్లను గుర్తించి నిలబెట్టేవాళ్లే లేరు.

వచ్చే వేసవి శిబిరాలకు ప్రకటన వెలువడేలోగా, ఏ జిల్లాలో ఏ స్థాయి లైసెన్సు ఉన్న ఫుట్‌బాల్ కోచ్‌లు ఎందరు ఉన్నారో క్రీడా శాఖ బహిరంగపరచాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
మహబూబ్‌నగర్