తల్లి సంతకం చాలు

విశాఖపట్నం

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. ఆలస్యానికి కోప్పడకు, చెల్లెలితో బ్యాంకు చుట్టూ తిరగడమే సరిపోయింది. మా బావది ఓడ ఉద్యోగమని నీకు తెలుసుగా, రేవు దాటితే ఆరేడు నెలలు ఇంటి ముఖం చూడడు. ఎనిమిదేళ్ల మేనకోడలి పేర ఖాతా తెరుద్దామని చెల్లెలు వెళితే, "తండ్రి సంతకం కావాలమ్మా, ఆయన వచ్చాక రండి" అని పంపేశారు. ఏడుపు మొహంతో ఇంటికొచ్చింది. బడి ఫీజు కట్టేది తను, జ్వరమొస్తే రాత్రంతా మేలుకునేది తను. సంతకానికి మాత్రం పనికిరాదా? నాకు ఒళ్లు మండిపోయింది.

తల్లిని సంరక్షకురాలిగా పెట్టి పిల్లలకు ఖాతా తెరవవచ్చని రిజర్వు బ్యాంకు 1976లోనే చెప్పింది. 2025 ఏప్రిల్ ఆదేశాల్లోనూ అదే మాట ఉంది. అసలు చిక్కు 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో ఉంది. సంరక్షకుడు తండ్రి, "ఆయన తరువాత" తల్లి అని రాశారు. రచయిత్రి గీతా హరిహరన్ కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే ఆ ఒక్క మాటే అడ్డొచ్చింది. ఆవిడ ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లారు. "తరువాత" అంటే తండ్రి పోయాక అనే కాదు, ఆయన దగ్గర లేకపోయినా, పిల్లల్ని పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలని 1999లో తీర్పు వచ్చింది. నడిసముద్రంలో ఉన్న మనిషి దగ్గర లేనట్టే కదా!

ఆ ఆదేశాల ప్రతి పట్టుకుని నేనూ వెళ్లాను. మేనేజరుగారు ఓపిగ్గా చదివి, అప్పటికప్పుడే ఫారం ఇప్పించారు. మేనకోడలు ఆ రాత్రి పాస్‌బుక్కును దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మీవాడికి పదకొండు నిండాయి కదా, వాడికి నీ సంతకం కూడా అక్కరలేదు. పదేళ్లు దాటినవాళ్లు ఖాతా తామే తెరిచి నడుపుకోవచ్చు. ఎంత సొమ్ము వరకు, ఏటీఎం కార్డు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయం, ముందే అడుగు. ఉన్నదానికి మించి పైసా కూడా తీయనివ్వరు కాబట్టి అప్పుల భయం లేదు. వడ్డీని మాత్రం మీ దంపతుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వారి ఆదాయంలో కలిపి పన్ను లెక్క వేస్తారు, అది మరిచిపోకు. పద్దెనిమిది నిండాక వాడు మళ్లీ సంతకం ఇవ్వాలి.

సెలవులకు వాణ్ణి తీసుకుని ఇక్కడికే రా. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకు ఉండదు, ఆ రోజుల్లో భీమిలి వెళదాం.

నీ
మూర్తి