పాటలు పంచుకునేవాళ్ళంతా దొంగలేనా?

సంపాదకులవారికి,

అయ్యా, పాటల దొంగల మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి పదకొండు రోజులైంది. ఆ మర్నాడే రాద్దామని కూర్చుంటే, కోపంతో రాసిన ఉత్తరాలు పత్రికలవాళ్ళు వేయరని మా ఆవిడ కాగితాలు తీసి దాచేసింది. పదకొండు రోజులైనా కోపం తగ్గలేదు కాబట్టి ఇక రాయడమే మేలనుకున్నాను.

ఫోన్లలో గుంపులు కట్టి ఆల్బమ్‌లు పంచుకునేవాళ్ళంతా సంగీతానికి పట్టిన చెదలని మీ వ్యాసకర్త తేల్చేశారు. విడుదల రోజునే సినిమా పాటలన్నీ ఎక్కించి, ప్రకటనల మీద సొమ్ము చేసుకునే సైట్లవాళ్ళను అంటే నాకేమీ అభ్యంతరం లేదు. వాళ్ళను జైల్లో పెట్టినా అడగను. ఆ గాటనే మమ్మల్నీ కట్టేస్తే ఎలా?

మా గుంపులో తొమ్మిదిమందిమి. నాలాంటి పింఛనుదారులు నలుగురు, కిరాణా కొట్టు ఆయన ఒకరు, ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు ముగ్గురు, డాలస్‌లో ఉండే మా మేనకోడలు. ఆదివారం కాఫీలయ్యాక, ఆ వారం ఏ ఆల్బమ్ విన్నారో, అందులో ఏ పాట దగ్గర ఆగిపోయారో ఒక్కొక్కరూ నాలుగు ముక్కలు రాస్తారు. కుర్రాళ్ళు చెప్పిన కొత్త పాటలు మొదట్లో నాకు రణగొణగా వినిపించేవి. ఇప్పుడు వాటిలో కొన్నింటిని వాళ్ళకంటే ముందే నేను పట్టుకుంటున్నాను. బదులుగా నేను పంపిన ఈమని శంకరశాస్త్రి వీణను వాళ్ళు బస్సులో వింటున్నారట. మా కట్టుబాటు ఒక్కటే. కొనుక్కోవడానికి దొరికే ఆల్బమ్ అయితే పేరు చెప్పాలి, ఫైలు పంపకూడదు. ఒక కుర్రాడు ఆ మాట తప్పి కొత్త సినిమా పాటలు మొత్తం పంపితే అందరం కలిసి చివాట్లు పెట్టాం. వాడు అలిగి వారం రోజులు మాట్లాడలేదు.

మరి ఫైళ్ళుగా ఏం పంచుకుంటామంటే, ఎవరూ అమ్మనివి. ఒక్కటి చెబుతాను. 1987లో శ్రీరామనవమి పందిట్లో జరిగిన సన్నాయి కచేరీని మా మామయ్య టేప్‌రికార్డర్‌తో పట్టుకున్నాడు. ఆ క్యాసెట్ బీరువా అడుగున దొరికేసరికి టేపు ముడతలు పడి ఉంది, లోపలి పట్టీ ఊడిపోయింది. స్క్రూలు విప్పి, టేపును చేత్తో సరిచేసి, వేరే డబ్బాలోకి మార్చి, పెన్సిల్‌తో తిప్పి తిప్పి వినిపించేలా చేసేసరికి రెండు రోజులు పట్టింది. కల్యాణి రాగం మంచి పట్టులో ఉండగా కుక్క మొరుగుతుంది. ఎవరో పానకం బిందె ఇటు తెమ్మని కేకేస్తారు. ఆ విద్వాంసుడు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు ఇప్పుడు పెళ్ళిళ్ళలో వాయిస్తున్నాడు గానీ, తండ్రి వాయిద్యం ఆ ఇంట్లో ఒక్క నిమిషం కూడా లేదు. ఫైలు పంపాను. మర్నాడు ఫోన్ చేసి, “రెండో వైపు కూడా ఉందా అండీ?” అని అడిగాడు. మీ వ్యాసకర్త లెక్కలో ఇది ఏ దొంగతనం కిందికి వస్తుందో తెలుసుకోవాలని ఉంది.

ఆయన చట్టం గురించి కూడా పాఠం చెప్పారు, సగమే చెప్పారు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళే ఉంటుంది. 1960లో వచ్చిన గ్రామఫోను ప్లేటు మీద కంపెనీ హక్కు 2020 ఆఖరుతో చెల్లిపోయింది. పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ ఉండే హక్కు వాళ్ళు పోయాక మరో 60 ఏళ్ళు సాగుతుంది, ఆ లెక్క వేరు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1964లో కన్నుమూశారు. ఆయన ఫిడేలు మీద వాయించిన పాత ప్లేటులో త్యాగరాజ కీర్తన ఉంటే, 1847లో సిద్ధి పొందిన త్యాగయ్యగారికి నేను ఏ చిరునామాకు డబ్బు పంపాలి?

కళాకారుల కడుపు కొడుతున్నామని మరో మాట అన్నారు. 2012లో చట్టాన్ని సవరించి గేయ రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వదులుకోవడానికి వీల్లేని వాటా కల్పించారు. ఆనాడు రాజ్యసభలో హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ గట్టిగా మాట్లాడారు. బాగుంది. వాటా ఇవ్వాలంటే ముందు ఆ మనిషి పేరు తెలియాలి కదా! క్యాసెట్ అట్ట మీద చీమ తలకాయంత అక్షరాల్లోనైనా, ఏ పాట ఎవరు రాశారో ఉండేది. భూతద్దం పెట్టి చదివేవాళ్ళం. ఇప్పుడు ఫోన్‌లో హీరో ముఖం అరచేయంత కనిపిస్తుంది. చాలా పాటలకు రచయిత ఎవరో మూడు చోట్ల నొక్కి వెతికినా తేలదు. 2023లో ఆస్కార్ వేదిక మీద కీరవాణితో పాటు చంద్రబోస్ చేతిలోనూ బొమ్మ పెట్టారు. లాస్ ఏంజెలెస్‌లో కనిపించిన గేయ రచయిత మన ఫోన్‌లో కనిపించడు. మా గుంపులో పాట గురించి రాసే ప్రతివారూ రచయిత పేరు రాసి తీరాలి. లేకపోతే ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ రాయిస్తాం.

డబ్బు కట్టి వినండి అన్నారు. కట్టాను. ఒక యాప్‌కు ఏడాది చందా కట్టి నాలుగువందల చిల్లర పాటలు దించుకున్నాను. ఒకరోజు ఆ యాప్ మూతపడింది, పాటలూ దానితోనే పోయాయి. ఇన్నాళ్ళ మీ ఆదరణకు ధన్యవాదాలని మెయిల్ మాత్రం వచ్చింది. దించుకోవడమంటే అద్దెకు తెచ్చుకోవడమని నాకు అప్పుడు అర్థమైంది. మామయ్య క్యాసెట్‌కు ఎవరూ తాళం వేయలేదు.

అసలు పాత పాటలను దాచి అందరికీ అందించే ఈ పని చేయవలసినవాళ్ళు ఎవరు? విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటి సంగీత విద్వాంసులు పనిచేసిన చోటు. పొద్దున్నే భక్తిపాటల భక్తిరంజని మోగితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆనాటి పాటల్లో మా గుంపు దగ్గరికి చేరినవన్నీ శ్రోతలు రేడియో ముందు టేప్‌రికార్డర్ పెట్టి, ఇంట్లోవాళ్ళను దగ్గొద్దని బెదిరించి పట్టుకున్నవే.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పాత రికార్డులు వినడానికి మా ఊరి గ్రంథాలయంలో ఒక గది, ఒక కంప్యూటర్ పెట్టమనీ, మా దగ్గర ఉన్నవన్నీ ఉచితంగా ఇస్తామనీ మూడుసార్లు అర్జీ పెట్టాం. మొదటి రెండింటికి జవాబు లేదు. మూడోదానికి, నకళ్ళు మూడు జతచేయాలని జవాబు వచ్చింది. ఈలోగా వాన వస్తే ఆ గదిలో బక్కెట్టు పెడుతున్నారు. దినపత్రికలు కూడా మధ్యాహ్నం దాటాక వస్తున్నాయి, అందులో మీదీ ఒకటి.

ఇంకొక్క మాట. మీ వ్యాసం పైన క్యాసెట్ల బొమ్మ ఒకటి అందంగా అచ్చువేశారు. కింద గీసినవారి పేరు లేదు. భూతద్దం పెట్టి కూడా చూశాను. అది ఎవరి సొత్తో కాస్త తెలియజేయగలరు.

భవదీయుడు,
ఒక పాత శ్రోత,
తెనాలి